ఆరని బట్టలు

"బట్టలు పిండడం కూడా రాకపోతే ఎలాగమ్మా?" అన్నారు అత్తయ్య, దండెం మీది జీన్స్ ప్యాంటు నడుముపట్టీని రెండు వేళ్ళతో నొక్కి చూపిస్తూ. నిజమే, వేళ్ళకు తడి అంటింది. అది నేను ముందురోజు పొద్దున ఆరు గంటలకు ఆరేసిన ప్యాంటు. ఈ ఎండలకు గంటన్నరలో అట్టలా బిగుసుకుపోవాల్సింది. వాషింగ్ మెషీన్ పాడై మూడు వారాలైంది. మెకానిక్‌ని పిలిచే పని మా ఆయనది. ఇంట్లో ఆయన వంతుకు వచ్చిన పనులన్నీ "చేస్తానన్నానుగా" దగ్గరే ఆగిపోతాయి. నా వంతువి మాత్రం తెల్లారేసరికి అయిపోవాలి. అందుకే మూడు వారాలుగా నలుగురి బట్టలూ నా చేతులతోనే ఉతుకుతున్నాను, జాడిస్తున్నాను, మణికట్లు నొప్పి పుట్టేలా పిండుతున్నాను. అయినా నాకు పిండడం రాదు. ఏడింటికల్లా డ్యూటీలో ఉండాలి, అప్పటికే ఐదూ నలభై. ఆ జీన్స్ రెండింటినీ దండెం మీదే వదిలేసి కిందికి దిగి, రెండు క్యారేజీలు కట్టాను. కూర చివర్లో వేద్దామని ఉప్పు డబ్బా తీస్తే అదీ ముద్దకట్టి ఉంది. చెంచాతో గీకి వేసుకున్నాను.

ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి ఊళ్ళోని బడులన్నిటికీ కలిపి ఆటల పోటీలు. మూడు వేల మంది పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు, మైదానానికి మూడువైపులా ఇనుప గొట్టాలతో కట్టిన తాత్కాలిక గ్యాలరీలు, వాటి మీద రేకుల కప్పు. మా ఆయన తల్లిదండ్రుల కమిటీకి కార్యదర్శి. నాలుగు నెలలుగా ఆ గ్యాలరీల గురించి, ముఖ్య అతిథి గురించి తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. మా పాప రిలే పందెంలో ఆఖరి పరుగు పరిగెత్తాలి. పదకొండేళ్ళది, పిట్టంత మనిషి, మేం పిచ్చుక అని పిలుస్తాం. బూట్ల లేసులు నాచేత మూడుసార్లు కట్టించుకుంది.

"ఈరోజు వాన రాదుగా?" అన్నాడు మా ఆయన అద్దంలో తల దువ్వుకుంటూ. నేను జవాబు చెప్పేలోపే తనే నవ్వాడు. "అయినా నిన్నెందుకు అడగడం? నువ్వు వస్తుందంటే ధైర్యంగా ఉంటుంది, రాదంటేనే భయం."

ఈ జోకుకి ఎనిమిదేళ్ళు. నేను వాతావరణ కేంద్రంలో పనిచేస్తాను. ఎనిమిదేళ్ళ క్రితం, హెచ్చరికలు రాసే పని కొత్తగా నా చేతికొచ్చినప్పుడు, పెనుగాలి వస్తుందని రెడ్ అలర్ట్ చిత్తుప్రతి నేను రాశాను, డైరెక్టరు గారు సంతకం పెట్టారు. బడులు మూశారు, బస్సులు ఆపారు. ఆ రోజు ఒక్క ఆకు కదల్లేదు. "కొత్త అమ్మాయి, కాస్త అత్యుత్సాహపడింది" అని డైరెక్టరు గారు పత్రికల వాళ్ళ ముందు నన్ను పక్కన నిలబెట్టుకుని మరీ చెప్పారు. అప్పటినుంచి నేను ఏం రాసినా ఆయన ఎర్ర పెన్నుకు పని తగులుతుంది. నేను "ప్రాంతమంతటా" అంటే ఆయన "అక్కడక్కడ" అంటారు. నేను "బలమైన" అంటే ఆయన "ఓ మోస్తరు" అంటారు. నా కింద చేరిన మగవాళ్ళను ఆయన "ఆఫీసర్" అని పిలుస్తారు. నేను పన్నెండేళ్ళుగా "అమ్మా"నే. ఇంట్లో సంగతి సరేసరి. పెళ్ళిళ్ళలో, పుట్టినరోజుల్లో, ఎవరింటికి భోజనానికి వెళ్ళినా సరే, ఆ ఆకు కదలని రోజు కథ మా ఆయన నోట వినాల్సిందే. అందరితో పాటు నేనూ నవ్వాలి. నవ్వకపోతే "సరదాకి అంటే కూడా పడదు" అంటారు. ఎనిమిదేళ్ళు నవ్వాను. దవడలు నొప్పి పుట్టేంత నవ్వాను.

డ్యూటీ ఎక్కగానే నేను చేసే మొదటి పని పెద్ద బల్ల మీద పటం పరిచి, ప్రాంతంలోని పాతిక పరిశీలనా కేంద్రాల నుంచి వచ్చిన అంకెల్ని రంగు పెన్సిళ్ళతో దాని మీద వేసుకోవడం. వేడి ఎర్ర పెన్సిలు, గాలి నల్ల పెన్సిలు, తేమ ఆకుపచ్చ. ఇప్పుడెవరూ అలా చేయరు, కంప్యూటరే గీసిపెడుతుంది. "మేడమ్ బొమ్మలేసుకుంటున్నారు" అని పక్క గదిలోవాళ్ళు నవ్వుకుంటారని నాకు తెలుసు. కానీ చేత్తో గీస్తే ఏ అంకె ఎక్కడ ఇమడడం లేదో వేలికి తెలుస్తుంది. ఆ రోజు ఆకుపచ్చ పెన్సిలు మూడుచోట్ల ఆగిపోయింది. మా ఊరిదీ, దక్షిణాన ఉన్న రెండు ఊళ్ళదీ తేమ అంకెలు లేవు. ఖాళీ.

"కంప్యూటర్ కొట్టేసింది మేడమ్" అంది కొత్తమ్మాయి. చేరి ఆరు నెలలైంది, చురుకైన పిల్ల. "అంకెలొచ్చాయి. కానీ ఈ నెలలో ఇంత తేమ ఇక్కడ ఎప్పుడూ నమోదు కాలేదట. అందుకని తప్పు లెక్క అని తీసి పక్కన పెట్టేసింది. సూచన కూడా అవి లేకుండానే తయారైంది. చూడండి, సాయంత్రం దాకా నిర్మలంగా ఉంటుందంటోంది."

ఎప్పుడూ జరగలేదు కాబట్టి జరగదు. ఈ న్యాయం నాకు కొత్త కాదు. మా ఇంట్లో ఆడవాళ్ళెవరూ చేయలేదు కాబట్టి నువ్వూ చేయకూడదు, ఈ కేంద్రంలో ఇంతవరకు మహిళ ఎవరూ డైరెక్టరు కాలేదు కాబట్టి ఇకముందూ కారు. కంప్యూటర్‌కి కూడా మనుషులే నేర్పారు మరి. ఆ కొట్టేసిన అంకెలు తెప్పించి చూశాను. మూడూ ఒకదానితో ఒకటి చక్కగా పొసిగాయి. ఆకుపచ్చ గీత వాటి మీదుగా గీస్తే ప్రాంతం మధ్యదాకా తడిగాలి నాలుకలా చొచ్చుకొచ్చినట్టు పటం మీద కనిపించింది. పడమటి వైపేమో ఎండుగడ్డి విరిగిపోయేంత పొడిగాలి. రెంటికీ మధ్య నా చిటికెన వేలంత దూరం. అలాంటి రెండు గాలులు తాకితే పుట్టేది గాలివానే.

కానీ ఒక చిక్కుంది. ఆ మూడు పరికరాలనూ పోయిన నెల ఒకే మెకానిక్ సరిచేశాడు. అతను తప్పు చేస్తే మూడూ ఒకే తప్పు చూపిస్తాయి. అప్పుడు మూడంకెలు కలిసినంత మాత్రాన నిజమైపోదు. పరికరంతో సంబంధం లేని సాక్ష్యం ఇంకొకటి కావాలి. పెన్సిలు చేత్తో పట్టుకుని కూర్చున్నాను. మణికట్టు సలుపుతోంది. బట్టలు పిండి పిండి వచ్చిన సలుపు. అప్పుడు తట్టింది. ఇంటికి ఫోన్ చేశాను.

"అత్తయ్యా, ఒకసారి డాబా ఎక్కి ఆ జీన్స్ ఆరాయేమో చూస్తారా?"

"ఆఫీసుకెళ్ళినా బట్టల గోలేనా నీకు?"

"చాలా అవసరం అత్తయ్యా. నడుముపట్టీ, జేబులు చూడండి. తొమ్మిదిన్నరైంది, ఎండ బాగా తగిలి ఉంటుంది."

మోకాళ్ళ నొప్పుల్ని తిట్టుకుంటూ ఆవిడ మెట్లెక్కడం, ఆయాసపడడం అంతా ఫోన్లో వినిపించింది. "అలాగే ఉన్నాయే. జేబులైతే చల్లగా తగులుతున్నాయి. ఎండేమో మాడ్చేస్తోంది. ఇదేం విచిత్రం? ఇందాక ఉప్పు డబ్బా మూత తీస్తే అందులో నీళ్ళు కనిపించాయి. నేను ఈ ఇంటికొచ్చాక ఎండాకాలంలో ఉప్పు కరగడం చూడలేదు తల్లీ."

ఫోన్ పెట్టేశాను. పరికరాలు బాగానే ఉన్నాయి. నేనూ బట్టలు బాగానే పిండాను. ఆరబెట్టే శక్తి గాలికే లేదు, అది ఇప్పటికే పీకలదాకా తాగి ఉంది. ఆ క్షణాన నాకు కలిగిన సంతోషం చెప్తే నవ్వుతారు. గాలివాన కనిపెట్టినందుకు కాదు ఆ సంతోషం. పొద్దున పడ్డ మాట నేను పడాల్సింది కాదని తేలినందుకు.

డైరెక్టరు గారు ఆ రోజు పక్క ఊళ్ళో సమావేశంలో ఉన్నారు. ఫోన్ చేసి చెప్పాను. ఓపిగ్గా విన్నారు. ఆయన ఎప్పుడూ ఓపిగ్గానే వింటారు. "బట్టలు ఆరలేదా?" అన్నారు చివరికి. వెనకాల ఎవరో నవ్వారు. స్పీకర్ పెట్టినట్టున్నారు. "చూడమ్మా, కంప్యూటర్ ఏమీ లేదంటోంది. ఎనిమిదేళ్ళ క్రితం ఏమైందో నేను గుర్తు చేయక్కర్లేదనుకుంటా. అక్కడక్కడ ఓ మోస్తరు గాలులు అని రాసి వదిలేయ్. ఆ పరికరాలు విప్పించి చూపించు." ఫోన్ పెట్టేశాక డ్యూటీ పుస్తకం తెరిచాను. మా దగ్గర ప్రతి ఫోనూ సమయంతో సహా అందులో రాయాలి, పాతకాలం నియమం. రాశాను. "9.52. డైరెక్టరు గారు ఫోన్లో: అక్కడక్కడ ఓ మోస్తరు అని రాయమన్నారు."

తర్వాత వెనక పెరట్లోకి వెళ్ళాను. అక్కడ రేకుల గదిలో బెలూన్ బాబాయి ఉంటారు. పొద్దునా సాయంత్రమూ పెద్ద తెల్ల బెలూన్‌కి చిన్న యంత్రం కట్టి ఆకాశంలోకి వదలడం ఆయన పని. ముప్ఫై ఏళ్ళుగా అదే పని, అందుకే ఆ పేరు. అది పైకి వెళ్తూ ఎంత ఎత్తులో ఎంత వేడి, ఎంత తడి, ఎంత గాలి ఉందో చెప్తుంది. వేళకాని వేళ వదలాలంటే డైరెక్టరు అనుమతి కావాలి. నేను విషయం చెప్పి, అనుమతి లేదని కూడా చెప్పాను.

"నా బీడీలు రెండ్రోజులుగా అంటుకోవట్లేదమ్మాయ్" అన్నారాయన, చొక్కా జేబులోంచి మెత్తబడ్డ కట్ట తీసి చూపిస్తూ. "అగ్గిపెట్టెదే తప్పనుకున్నా. నువ్వు లోపలికి పోయి చూసుకో, నేను వదుల్తాను. ఎవరైనా అడిగితే చేయి జారి ఎగిరిపోయిందంటాను. ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారి చేయి జారదా ఏం?"

పన్నెండు కావస్తుండగా ఒక్కో అంకె దిగుతూ వచ్చింది. కింద కిలోమీటరున్నర మందాన తడిగాలి. దాని మీద మూత పెట్టినట్టు వేడి పొడిగాలి. ఆ పైన, ఎనిమిది కిలోమీటర్ల ఎత్తులో, వేసవిలో ఎన్నడూ ఉండనంత వేగంగా పడమటి గాలి. పొయ్యి మీద మూతపెట్టిన గిన్నె పొంగడానికి ముందు ఎలా ఉంటుందో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మూత లేచేది మూడున్నర, నాలుగు గంటల మధ్య. పడమటి గాలి ఆ మేఘాలన్నిటినీ ఒక వరసలో పేర్చి మా మీదికి తోసుకొస్తుంది. ఆ వేళకి పిచ్చుక ఆఖరి పరుగు కోసం గీత దగ్గర నిలబడి ఉంటుంది, దాని పక్కనే గ్యాలరీ మీద రేకుల కప్పు.

గోడ మీద అద్దపు చట్రంలో వెలిసిపోయిన కాగితమొకటి ఉంది. పన్నెండేళ్ళుగా దాని కింద కూర్చుంటున్నాను. ఆరు గంటల లోపు ప్రాణాపాయం ఉందనుకుంటే డ్యూటీ ఆఫీసరు తన సంతకంతోనే హెచ్చరిక జారీ చేయవచ్చునని అందులో పద్నాలుగో నియమం. ఈ కేంద్రంలో దాన్ని వాడినవాళ్ళు ఒక్కరూ లేరు. తప్పయితే? ఉద్యోగం పోవచ్చు. దానికంటే నన్ను భయపెట్టింది ఇంకొకటి. ఇంకో ఎనిమిదేళ్ళు, బహుశా చచ్చేదాకా, భోజనాల బల్లల దగ్గర నవ్వుతూ కూర్చోవాలి. ఈసారి కథలో బట్టలు కూడా చేరతాయి. నిజం చెప్తున్నాను, పెన్ను మూత తీసి రెండు నిమిషాలు అలాగే కూర్చున్నాను. ఎర్ర పెన్ను చూసీ చూసీ నా వాక్యాలు పుట్టేటప్పుడే నడుం వంచుకుని పుట్టడం నేర్చుకున్నాయి. "అవకాశం ఉండవచ్చు" అని నా చేయే దానంతట అది రాసింది. కొట్టేశాను. పైన రెడ్ అలర్ట్ అని పెట్టి మళ్ళీ రాశాను.

"ఈ మధ్యాహ్నం మూడున్నర, ఐదు గంటల మధ్య ప్రాంతమంతటా ఉరుములు, మెరుపులతో భారీ వర్షం. గంటకు వంద కిలోమీటర్లకు మించిన వేగంతో ఈదురుగాలులు. ఆరుబయట సభలు, ఆటలు నిలిపివేయాలి. తాత్కాలిక షెడ్ల కింద ఎవరూ ఉండరాదు. డాబాల మీద వదులుగా ఉన్న వస్తువులు లోపల పెట్టుకోవాలి." దాని కింద నా పూర్తి పేరు రాసి సంతకం పెట్టాను. కొత్తమ్మాయి ఆ సంతకం వైపే చూస్తోంది. "పంపనా మేడమ్?" అంది గొంతు తగ్గించి. "పంపు" అన్నాను. పన్నెండూ పది.

పావుగంటలో మా ఆయన ఫోన్.

"రెడ్ అలర్ట్ ఇచ్చింది మీ ఆఫీసేనా?"

"నేనే ఇచ్చాను."

"మీ సార్‌కి తెలుసా?"

"వద్దన్నారు. అయినా ఇచ్చాను."

"నీకు మతిపోయిందా? బయటికొచ్చి చూడు, వెతికినా ఒక్క మబ్బు లేదు. ముఖ్య అతిథి బయల్దేరారు. నాలుగు నెలల కష్టం. అందరి ముందూ నా పరువు తీయకు. ఇంతకీ ఇది నా పెళ్ళాంగా చెప్తున్నావా, ఆఫీసరుగా చెప్తున్నావా?"

"పెళ్ళాంగా చెప్తే మీరు విన్నదెప్పుడు? ఆఫీసరుగానే చెప్తున్నాను. పిల్లల్ని ఇళ్ళకు పంపించండి."

ఆయన పంపించలేదు. పోలీసులు పంపించారు. రెడ్ అలర్ట్ కాగితం మీద ఎవరి సంతకముందో వాళ్ళకు పట్టదు, దాని రంగు చాలు. రెండు గంటలకు మైదానం గేట్లు మూసేశారు. ఈలోపు డైరెక్టరు గారు కూడా ఫోన్ చేశారు. ఈసారి ఓపిక లేదు, స్పీకరూ లేదు. వెనక్కి తీసుకోమన్నారు. "తీసుకుంటాను సార్. ప్రమాదం లేదని, హెచ్చరిక రద్దు చేయమని మీ సంతకంతో రెండు ముక్కలు రాసి పంపండి, వెంటనే తీసేస్తాను" అన్నాను. పంపుతానన్నారు. ఎదురుచూశాను. రాలేదు. మాటతో కొట్టేయడం ఆయనకు తేలికే, కింద పేరు పెట్టడం దగ్గరే వచ్చింది తంటా. అదీ పుస్తకంలో రాశాను.

మూడు గంటలు. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. "ఎండ దంచేస్తోంది. కంగ్రాట్స్" అని మా ఆయన మెసేజ్. మూడూ పది. పక్క గదిలోవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఏదో పని ఉన్నట్టు కిటికీ దగ్గరికి వచ్చి బయటికి చూసి, నా వైపు చూసి వెళ్తున్నారు. పిచ్చుక ఇంట్లో బూట్లు విప్పకుండా ఏడుస్తోందని అత్తయ్య ఫోన్. నాకూ ఏడవాలనే ఉంది. మూడూ ముప్ఫై ఐదుకి రాడార్ తెర మీద, పడమటి మూలన, ఆవగింజంత చుక్క లేచింది. పక్కన ఇంకోటి. అక్కడినుంచి నేను కళ్ళు ఆర్పలేదు. చుక్కలన్నీ కలిసి వరసకట్టాయి, వరస విల్లులా వంగింది, వంగిన నడుమభాగం సరిగ్గా మా ఊరి వైపు దూసుకొచ్చింది. అచ్చం నేను పటం మీద గీసినట్టే. కిటికీ బయట పడమర దిక్కంతా కమిలిన చర్మంలా నల్లబడింది.

నాలుగూ పన్నెండుకి గాలి వచ్చింది. తలుపులు వాటంతటవే కొట్టుకున్నాయి. గాలి వేగం చూపించే ముల్లు అరవై, ఎనభై, నూరు దాటి నూట పద్దెనిమిది దగ్గర వణుకుతూ నిలబడింది. ఈ కేంద్రం పుట్టాక అంత గాలి నమోదు కాలేదు. కొత్తమ్మాయి నా చేయి గట్టిగా పట్టుకుంది. బెలూన్ బాబాయి తడిసి ముద్దై లోపలికి వచ్చి, ఆ ముల్లు చూసి, నన్ను చూసి, తల మీది గుడ్డ తీసి చేత పట్టుకున్నారు. బయట చెట్లు విరుగుతుంటే నాకు గుండె నిండా సంతోషం. తప్పో ఒప్పో, దాచను. ఎనిమిదేళ్ళుగా నా మీద పడ్డ ప్రతి నవ్వునూ ఆ గాలి ఊడ్చుకుపోతోంది. నేను గెలిచాను. గెలిచానని నాతో నేను పైకే అన్నాను.

నలభై నిమిషాల తర్వాత పోలీసు ఒకతను ఫోన్ చేశాడు. మైదానంలో మూడు గ్యాలరీలూ కూలాయి. రేకుల కప్పు లేచి వెళ్ళి పరుగు పందెం గీతల మీద అడ్డంగా పడింది. "లోపల ఒక్క పురుగు లేదు మేడమ్. ఊరంతా తిరిగాం, ప్రాణం మీదికి వచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు" అన్నాడతను. "హెచ్చరిక కింద ఉన్న పేరు మీదేనా? మా పాప కూడా ఆ పోటీల్లో ఉంది మేడమ్." నేను సరే సరే అని ఫోన్ పెట్టేసి, బాత్రూమ్‌లోకి వెళ్ళి తలుపేసుకుని వెక్కి వెక్కి ఏడ్చాను.

డైరెక్టరు గారు ఐదున్నరకి వచ్చారు. అప్పటికే పత్రికలవాళ్ళ ఫోన్లు మోగుతున్నాయి. "భేష్. మన కేంద్రం ముందే పసిగట్టిందని రిపోర్టు రాయమ్మా. నా పర్యవేక్షణలో అని ఒక మాట పెట్టు" అన్నారు. డ్యూటీ పుస్తకం ఆయన ముందుకు జరిపాను. "తప్పకుండా సార్. ఇందులో ఉన్నదంతా ఉన్నది ఉన్నట్టు పెడతాను." తొమ్మిదీ యాభై రెండు దగ్గర ఆయన వేలు ఆగింది. చాలాసేపు చదివారు, ఒక్క వాక్యమే అయినా. పుస్తకం మూసి, "మీ రిపోర్టు మీరే రాసి సంతకం పెట్టండి, ఆఫీసర్" అన్నారు.

ఇంటికి చేరేసరికి వీధంతా కొమ్మలు. గేటు ముందు అత్తయ్య చుట్టూ ఇరుగుపొరుగు. "ఆఫీసు నుంచి నాకే ఫోన్ చేసింది. నేను మోకాళ్ళు పట్టుకుని డాబా ఎక్కి చూసి చెప్పాకే కదా సంతకం పెట్టింది" అంటున్నారావిడ. అందులో అబద్ధం లేదు, నేను సరిదిద్దలేదు. నన్ను చూసి గొంతు తగ్గించి, "నువ్వు బాగానే పిండావు, గాలే పాడుది" అన్నారు. పిచ్చుక పరిగెత్తుకొచ్చి నా నడుముకు చుట్టుకుంది. బూట్లు ఇంకా విప్పలేదు.

మా ఆయన డాబా మీద తెగిన దండెం చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. "నా జీన్స్ రెండూ పోయాయి. ఊరందరికీ చెప్పావు, బట్టలు తీయమని ఇంట్లో ఒక్క మాట చెప్పొచ్చుగా?"

"చెప్పాను. హెచ్చరికలో ఆఖరి వాక్యం. మీ ఫోన్లోనూ ఉంటుంది."

ఫోన్ తీశాడు. నేను రాసినదాన్ని ఆయన చివరిదాకా చదవడం పన్నెండేళ్ళలో అదే మొదటిసారి. ఆఖరి వాక్యం అయిపోయాక కూడా కళ్ళు తెర మీదే ఉన్నాయి, దాని కింద నా పేరుంది. "కప్పు పడినచోటే నేను మైకు పట్టుకుని నిలబడాల్సింది" అన్నాడు, నా వైపు చూడకుండా. "పాప కూడా అక్కడే." క్షమించమని అడగలేదు, ఆ అలవాటు లేదు పాపం. నేనూ ఓదార్చలేదు. ఇన్నేళ్ళుగా ఆయన అడగనివన్నీ నేనే ముందు ఇచ్చేసేదాన్ని. ఆ సాయంత్రం ఊరుకున్నాను.

మర్నాడు పొద్దున ఆరు గంటలకు డాబా మీద కొత్త తాడు కట్టి ఉంది. నేను డ్యూటీకి చీర కుచ్చిళ్ళు సరిచేసుకుంటుంటే ఆయన గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. మెకానిక్ పదింటికి వస్తానన్నాడని చెప్పాడు. కాస్త తటపటాయించి, నవ్వకుండా, నిజంగా తెలుసుకోవడానికే అడిగాడు. "ఈరోజు బట్టలు ఆరతాయా?"

కిటికీలోంచి చేయి బయటపెట్టి చూశాను. తేమ పోయింది, చర్మం మీద పొడిగాలి హాయిగా ఆడుతోంది.

"గంటలో ఆరిపోతాయి" అన్నాను, బ్యాగు భుజాన వేసుకుంటూ. "బకెట్ బాత్రూమ్‌లో ఉంది. గట్టిగా పిండండి."